లేవకండి అన్న మాట

శ్రీకాకుళం,
14-11-1968

అన్నయ్యకి మంగ నమస్కారాలు. వదినకి కూడా చెప్పు.

నేను కులాసా. నీ దగ్గు ఎలాగున్నాది? తొమ్మిది నెలలకి ఉత్తరం రాస్తన్నానని కోప్పడకు. నువ్వూ రాయలేదు.

పనిబడి రాస్తన్నాను, దాచడం దేనికి. మొన్న మంగళవారం కళింగపట్నం ఎదురుగా సముద్రంలో ఒక స్టీమరు ఆగింది. అందులో పనిచేసే మనిషి ఒకడు నిచ్చెన మీంచి సరుకు గోతిలోకి పడిపోయేడట. పల్లెవాళ్ళు పడవలో ఒడ్డుకి చేరేస్తే, అక్కణ్ణుంచి జీపులో మా ధర్మాసుపత్రికి తెచ్చేరు. లోపల పేగు చిరిగింది. పెద్ద డాక్టరుగారు వెంటనే కోసి కుట్టేరు. బతికేడు. స్టీమరు మటుకు ఆగలేదు. వైజాగు నుంచి ఏజెంటు వచ్చి, నయమయ్యేక కబురు పెట్టండని చెప్పి చక్కా పోయేడు.

ఆయన పేరు ఎవారిస్తో. మా ఆయా గున్నమ్మ "ఎవరిస్తారయ్య" అంటాది. ఆరడుగుల మనిషి, నలభై దాటి ఉంటాయి. ఇంగ్లీషు ముక్క రాదు. స్పానిష్ ఒక్కటే వచ్చునని ఏజెంటు చెప్పగానే నువ్వు గుర్తొచ్చేవు. "ఈ భాష ఎవరితో మాట్లాడతావురా" అని అమ్మ నిన్ను వేళాకోళం చేసేది కదా.

పది రోజులు మంచం మీంచి లేవకూడదని డాక్టరుగారి ఆర్డరు. నేను చేతులూపి చెప్తే ఆయన నవ్వుతాడు, దుప్పటి తీసేసి లేవబోతాడు. వార్డులో పద్ధెనిమిది మంది రోగులు, నేనొక్కర్తిని. ఎంతసేపని కాపలా కాయను?

నాకు ఈ మాటలు కావాలి: కూర్చో, లే, పడుకో, మొహం కడుక్కో, కదలకు, లేవకు, కట్టు ముట్టుకోకు. తెలుగు అక్షరాల్లో రాసి పంపు. నేను నర్సు పని చెయ్యడం నీకు ఇష్టం లేదని తెలుసు. ఈ ఒక్కసారికి ఆ సంగతి పక్కన పెట్టు.

నీ చెల్లెలు
అలివేలుమంగ

*

విజయనగరం,
16-11-1968

చిరంజీవి మంగకు కూర్మనాథం ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి విషయం కోసం, ఒకసారి ఎర్ర సిరాతో. 'రాస్తన్నాను' కాదు, 'రాస్తున్నాను'. 'ఉన్నాది' అనేది నోటితో అంటే అన్నావు గాని కాగితం మీద పెట్టకు. నలుగురూ చూస్తే ఈవిడ అన్న బళ్ళో వ్యాకరణం చెబుతాడా అంటారు.

నా దగ్గు అలాగే ఉంది.

నేను స్పానిష్ నేర్చుకున్న ఆ పుస్తకం నలభై రెండులో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళినప్పుడు పేవ్‌మెంటు మీద కొన్నది. ఉద్యోగం దొరకలేదు, పుస్తకం మిగిలింది. ఇరవై ఆరేళ్ళ నుంచి రోజూ బడి నుంచి వచ్చి అరగంట చదువుతున్నాను. ఒక్కడితో ఒక్క మాట అనలేదు. నీ ఉత్తరం చూసుకుని నేను గదిలో పచార్లు చేస్తుంటే మీ వదిన "ఏమిటి, మనవడు పుట్టాడా?" అంది.

సరే, పాఠానికి వస్తాను. నువ్వు అడిగినవన్నీ ఒక జాతి క్రియలు. మనకి 'కడుగు' వేరు, 'కడుక్కో' వేరు. గిన్నె కడుగుతాం, మొహం కడుక్కుంటాం. పని చేసినవాడికే ఆ పని తగిలితే మనం 'కో' చేరుస్తాం. వాళ్ళు 'సె' చేరుస్తారు. 'లవార్' కడగడం, 'లవార్సె' కడుక్కోవడం. కూర్చోవడం 'సెంతార్సె'. లేవడం 'లెవంతార్సె'. చూశావా తమాషా! మన 'లే'లో 'కో' లేదు, వాళ్ళకి ఉంది. మనిషి తనని తాను లేవనెత్తుకుంటాడని వాళ్ళ భావన. ఎంత ఆలోచించిన జాతి!

ఇక క్రియలు మూడు వర్గాలు. ఆ పట్టిక, వాటి వర్తమాన రూపాలు వెనక నాలుగు పేజీల్లో ఉన్నాయి. వచ్చేవారానికి కంఠస్థం చెయ్యి. వాళ్ళకీ మనలాగే నువ్వు, మీరు తేడా ఉంది. ఆజ్ఞలు ఆ తర్వాతి ఉత్తరంలో. తొందరపడితే పునాది గట్టిపడదు.

కూర్మనాథం

*

శ్రీకాకుళం,
18-11-1968

అన్నయ్యకి,

నీ అయిదు పేజీలూ అందేయి. అయిదు పేజీల్లో ఒక్క ఆజ్ఞ లేదు.

నేను మంచం దగ్గర నిలబడి, దిండు వెనక్కి పెట్టి, "సెంతార్సె, సెంతార్సె" అన్నాను. అంటే ఏటన్నట్టు? "కూర్చోవడం, కూర్చోవడం" అన్నట్టు. ఆయన అటూ ఇటూ చూసి "సెంతార్సె?" అని నన్నే తిరిగి అడిగేడు. పక్క మంచం మీద ముసలాయన కుట్లు పట్టుకుని మరీ నవ్వేడు. గున్నమ్మైతే "నాయం సెప్పాలంటే అమ్మా, నువ్వు మన మాటే మాటాడు, గట్టిగా మాటాడితే ఆడికి తెలస్తాది" అన్నాది.

పుండు కొంచెం చీము పట్టింది. కుట్లు విప్పడం ఆలస్యమవుతాదని డాక్టరుగారు అన్నారు. ఈలోగా ఈ మనిషిని పట్టి ఉంచడం నా పని. దానికి వర్తమాన రూపాలు కంఠస్థం చెయ్యాలా?

నువ్వు చిన్నప్పుడూ ఇంతే అన్నయ్యా. మూడో ఫారంలో నేను ఒక్క సంధి అడిగితే నువ్వు పది సూత్రాలు చెప్పేవు. నేను తికమక పడితే "దీనికి చదువెక్కదు, బడి మాన్పించెయ్యండి" అని నాన్నతో అన్నావు. మర్నాడే మాన్పించేసేరు. నాకప్పుడు పదమూడేళ్ళు. మా ఆయన పోయి నేను ఒంటిదాన్నయ్యేక నర్సు ట్రెయినింగుకి వెళ్తానంటే, "ఎవరెవరి ఒళ్ళో తుడిచే పని మన ఇంట్లో ఆడదానికా" అన్నదీ నువ్వే. ఇప్పుడు ఆ ఒళ్ళు తుడవడానికే నీ సాయం అడుగుతన్నాను. నాకూ సిగ్గుగానే ఉన్నాది.

కారణాలు నాకొద్దు. సూత్రాలొద్దు. మాటలు కావాలి. ఒక్క కార్డు చాలు.

ఎర్ర సిరా నీ దగ్గరే ఉన్నాది కదా, దిద్దుకో.

మంగ

*

విజయనగరం,
19-11-1968

చి. మంగకు,

కూర్చోండి: సియెంతెసె.
లేవండి: లెవాంతెసె.
పడుకోండి: అకుఎస్తెసె.
కడుక్కోండి: లావెసె.
వద్దు: నో.

కారణాలు లేవు.

కూర్మనాథం

*

శ్రీకాకుళం,
23-11-1968

అన్నయ్యకి,

ఈ ఉత్తరం ఎలా మొదలెట్టాలో తెలీక మూడు కాగితాలు చింపేను.

నీ కార్డు ఇరవయ్యో తారీకున అందింది. సంతోషించేను. "లావెసె" అంటే ఆయన మొహం కడుక్కున్నాడు. "అకుఎస్తెసె" అంటే బుద్ధిగా పడుకున్నాడు. వార్డంతా చప్పట్లు కొట్టేరు. నేను కూడా నవ్వుకున్నాను, నీ కార్డుని ఆప్రాను జేబులో పెట్టుకుని తిరిగేను.

ఇరవై ఒకటో తారీకు మధ్యాన్నం. నేను ఆ చివర పసివాడికి సూది మందు ఇస్తన్నాను. గున్నమ్మ కేక వేసింది: "అమ్మా, ఈడు లెగిసిపోతన్నాడు!" చూస్తే ఆయన మోచేతుల మీద లేచి ఉన్నాడు. నువ్వు 'లేవకండి' రాయలేదు. నీ కార్డులో లేవండి ఉన్నాది, వద్దు ఉన్నాది. రెండూ కలిపేను. చెయ్యి పైకెత్తి, ఎంత గొంతుంటే అంత గొంతుతో "నో! లెవాంతెసె!" అని అరిచేను.

ఆయన ఆగి నా మొహం చూసేడు. నాకు ధైర్యం వచ్చింది. మళ్ళీ అరిచేను. "నో! లెవాంతెసె! లెవాంతెసె!"

ఆయన తలూపి, దుప్పటి తీసి, కాళ్ళు కింద పెట్టి నిలబడ్డాడు. నొప్పికి మొహం నల్లబడిపోయింది, అయినా నిలబడ్డాడు అన్నయ్యా. నా వంక చూస్తా, ఇంకేం చెయ్యమంటావన్నట్టు. అప్పుడు కట్టులోంచి రక్తం తొడల మీదికి కారింది. నేను పరిగెత్తుకెళ్ళే లోపల కూలిపోయేడు.

కుట్లు తెగిపోయేయి. మళ్ళీ కోసేరు. రెండు రోజులు ఒళ్ళు తెలీలేదు. ఇవాళ పొద్దున్న కళ్ళు తెరిచేడు. బతుకుతాడో లేదో డాక్టరుగారు ఇంకా చెప్పటం లేదు.

నాకు మెమో ఇచ్చేరు. రోగిని లేవమని ఆర్డరు వేసేనట. విచారణ పెడతారట. తొమ్మిదేళ్ళ సర్వీసు నాది, ఒక్క మాట పడలేదు.

నేను ఏటి తప్పన్నాను? మొదటి ఉత్తరంలోనే కదలకు, లేవకు, ముట్టుకోకు అని అడిగేను కదా. ఆ మూడూ నువ్వెందుకు రాయలేదు?

మంగ

*

విజయనగరం,
25-11-1968

చి. మంగకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మీ వదిన భోజనం చెయ్యలేదు.

నువ్వన్న దానిలో తప్పు ఇది. మనం వద్దు అనాలంటే క్రియ చివర మారుస్తాం. లే, లేవకు. వాళ్ళు అలా కాదు. చెయ్యమని చెప్పేటప్పుడు 'సె' క్రియ వెనక అంటుకుని ఉంటుంది: లెవాంతె-సె. వద్దని చెప్పేటప్పుడు ఆ 'సె' ఊడి ముందుకి వస్తుంది, 'నో'కీ క్రియకీ మధ్య కూర్చుంటుంది: నో సె లెవాంతె. నువ్వు 'నో' అని ఆగి, 'సె'ని వెనకే ఉంచేశావు. వాళ్ళ చెవికి అది "కాదు! లేవండి!" అని వినిపిస్తుంది. పడుకున్నందుకు కోప్పడి లేపుతున్నావనుకుని ఉంటాడు.

కదలకండి: నో సె ముఎవ. ముట్టుకోకండి: నో సె తోకె.

ఎందుకు రాయలేదంటావా? కార్డు మీద ఎంతని పడుతుంది? సూత్రాలొద్దని రాసింది నువ్వే. ఇది సూత్రం లేకుండా చెప్పగలిగేది కాదు. ఒక రోగి ప్రాణంతో పని ఉన్నప్పుడు, తెలియని మాట సొంతంగా తయారు చేసి వాడవచ్చునా? అనుమానం వస్తే మళ్ళీ అడగాలి. నేను కావాలని చేశానన్నట్టు రాశావు. అది నాకు కష్టంగా ఉంది.

విచారణలో ఆ మనిషి మాట తెలుగులో చెప్పడానికి ఎవరైనా కావాలి కదా. నేను వస్తానని మీ డాక్టరుగారికి చెప్పు.

కూర్మనాథం

*

శ్రీకాకుళం,
28-11-1968

అన్నయ్యకి,

నువ్వు కావాలని చేసేవని నేను రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగేను. ఆ రెండూ ఒకటే అని నీకెందుకు అనిపించిందో నాకు తెలీదు.

మళ్ళీ అడగాలా? ఒక ఉత్తరం వెళ్ళి రావడానికి మూడు రోజులు. ఆయన మోచేతుల మీద లేచి ఉన్నాడు.

ఎవారిస్తోకి జ్వరం తగ్గింది. మొన్న నేను భయం భయంగా "నో సె లెవాంతె" అన్నాను. ఆయన అర్థం అయినట్టు కళ్ళు మూసుకుని, దిండు మీద తల ఆనించేడు. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చేను. రెండు చిన్న ముక్కలు అటు ఇటు అవడానికి ఇంత రక్తమా?

ఇంకో సంగతి. నువ్వు 'వ' అని రాసినచోటల్లా ఆయన 'బ' లాగ అంటాడు. లెబాంతె, లాబె. గున్నమ్మకి కూడా తెలిసిపోయింది. పుస్తకంలో ఆ సంగతి ఉందో లేదో.

విచారణ డిసెంబరు రెండున, సోమవారం. దుబాసీగా నిన్ను పిలవడానికి పెద్ద డాక్టరుగారు ఒప్పుకున్నారు. పొద్దుటి పాసింజరుకి ఆమదాలవలసలో దిగి బస్సెక్కు. నన్ను లోపలికి రానివ్వరట, బయట బెంచీ మీద కూర్చోమన్నారు. ఆయన ఏది చెప్తే అది చెప్పు. నాకోసం ఒక మాట తగ్గించకు, ఒక మాట పెంచకు.

మంగ

*

విజయనగరం,
4-12-1968

మంగా,

మొన్న నీతో సరిగ్గా మాట్లాడకుండా బస్సెక్కేశాను. నువ్వు బెంచీ మీంచి లేచి నా వెనక రెండడుగులు వేశావు. చూశాను. చూడనట్టు వెళ్ళిపోయాను. లోపల జరిగింది నీకెవరూ చెప్పి ఉండరు, నేనే చెప్పాలి.

డాక్టరుగారు, ఇద్దరు ధర్మకర్తలు, మీ పెద్ద సిస్టరు, నేను అతని మంచం చుట్టూ కుర్చీలు వేసుకున్నాం. తెర కట్టారు. "మీరు ఎందుకు లేచారు?" అని అడగమన్నారు. అడిగాను. ఇరవై ఆరేళ్ళ చదువులో నేను ఒక స్పానిష్ మనిషితో అన్న మొదటి మాట అది. అతనికి ఒక్క ముక్క తెలియలేదు. మళ్ళీ అడిగాను. అతను నన్ను జాలిగా చూసి "నో, నో" అని తలూపాడు. ధర్మకర్త ఒకాయన గడియారం చూసుకున్నాడు. మూడోసారి అడిగాను. అప్పుడు గున్నమ్మ తెర వెనక నుంచి "కాయితం మీద రాయండి బాబూ" అంది. రాశాను. చదివాడు. మొహం విప్పారింది. వేలితో అక్షరాలు తడుముతూ నా చేతిలోంచి పెన్సిలు తీసుకున్నాడు.

అతను రాసింది నేను చదివి చెప్పాను. ఒక మాట తగ్గించలేదు, పెంచలేదు. "నర్సమ్మ లేవమంది. రెండుసార్లు అంది. నొప్పిగా ఉన్నా, ఆమె చెప్పింది కదా అని లేచాను. ఆమె మంచి మనిషి. ఆమె తప్పు చెప్పదని నాకు నమ్మకం."

ఆ ఆఖరి మాట చదువుతుంటే నాకు దగ్గు తెర వచ్చింది. నీళ్ళిచ్చారు. వాళ్ళు లేవబోతున్నారు. నేను కూర్చోమన్నాను.

ఆ తర్వాత వాళ్ళకి చెప్పింది నీకూ చెప్పాలి. పంతొమ్మిదిన కార్డు రాసినప్పుడు దాని మీద ఇంకా నాలుగు వేళ్ళ జాగా ఉంది. కార్డు మీద పట్టదని నీకు రాసింది అబద్ధం. అంతకు ముందే ఒక కాగితం మీద 'వద్దు' అనే మాటలు మూడూ, వాటి సూత్రంతో సహా రాసి పెట్టాను. నీ ఉత్తరం వచ్చింది. చదువు మాన్పించావన్నావు, అయిదు పేజీలూ దండగన్నావు. ఆ కాగితం సొరుగులో పెట్టేశాను. సూత్రం లేనిదే దీనికి పని జరగదు, తనే మళ్ళీ అడుగుతుంది, అప్పుడు పంపుదాం అనుకున్నాను. నువ్వు నన్ను ఒకసారి అడగాలని. అంతే. ఇంకేమీ లేదు. అక్కడ ఒక మనిషి పొట్ట మీద కుట్లతో పడుకుని ఉన్నాడని నాకు తోచలేదు. నాకు అతనొక ఉదాహరణ వాక్యం.

ఇదంతా రాసి సంతకం చేసి ఇచ్చాను. తప్పు నాదని రాశాను. ధర్మకర్త అది చదివి, "మేష్టారూ, మీరు మా ఆసుపత్రి నౌకరు కారు కదా, దీన్ని మేమేం చేసుకుంటాం?" అన్నాడు. ఫైల్లో మటుకు పెట్టారు.

మూడో ఫారం సంగతి కూడా నిజమే. నేను చెప్పిన పద్ధతి బాగులేదు, నీకు చదువు ఎక్కకపోవడం కాదు. అప్పుడే తెలుసు.

నీ ఉత్తరం తప్పులు దిద్దడానికి కాక చదవడానికి ఎదురు చూస్తాను.

అన్నయ్య

*

శ్రీకాకుళం,
24-12-1968

అన్నయ్యకి,

ఇరవై రోజులు నీకు రాయలేదు. రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు.

ముందు సంగతులు. నా ఉద్యోగం తియ్యలేదు. పాలకొండలో మా ధర్మాసుపత్రికి చిన్న శాఖ ఉన్నాది, అక్కడికి వేసేరు. వార్డు ఇవ్వరు, కట్లు కట్టే గది ఒక్కటే. జనవరి రెండుకల్లా చేరాలి. తొమ్మిదేళ్ళకి ఇదీ ఫలం. గున్నమ్మ ఏడ్చింది. "ఆ కాయితాలోడు మీ అన్నేనా అమ్మా? పెద్దమనిసి, పాపం సెమటలు కక్కేసేడు" అన్నాది.

ఎవారిస్తో మొన్న వెళ్ళిపోయేడు. ఏజెంటు మనిషి వచ్చి తీసుకెళ్ళేడు. ఆమదాలవలస స్టేషను దాకా నేనూ వెళ్ళేను. సెలవు పెట్టి వెళ్ళేను, ఎవరి పర్మిషనూ అడగలేదు. కర్ర ఊతంతో నెమ్మదిగా నడుస్తన్నాడు. రైలు వచ్చేలోగా బల్ల మీద కూర్చున్నాం. నాకు చెప్పాలనుంది, ఆ రోజు నేను లేవొద్దనే అన్నాను, మాట అడ్డం తిరిగింది అని. అంత స్పానిష్ నాకెక్కడిది? ఆయన పొట్ట వైపు చెయ్యి చూపించి, నా మీద చెయ్యి పెట్టుకుని, "నో సె లెబాంతె" అన్నాను. తల అడ్డంగా తిప్పేను. అదే నా ఉద్దేశం అన్నట్టు.

ఆయన నన్నూ, తన పొట్టనీ మార్చి మార్చి చూసేడు. తరవాత "ఆ..." అన్నాడు. తెలిసిపోయింది. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద, ఆ మచ్చ ఉన్న చోట, చొక్కా మీంచి ఆనించి ఉంచేడు. ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తన్నారు. చూడనీ అనుకున్నాను. రైలెక్కేక కిటికీలోంచి "కుఈదెసె, కుఈదెసె" అని అరిచేడు. అది నువ్వు నేర్పిన మాట కాదు. వెనక 'సె' ఉన్నాది కాబట్టి ఏదో చెయ్యమనే అంటన్నాడని తెలిసింది. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమని, చేత్తో చూపించేడు. నేనూ అదే మాట తిరిగి అన్నాను.

నువ్వు డాక్టరుగారికి ఇచ్చిన కాగితం పెద్ద సిస్టరు నాకు చూపించింది. 'తప్పు నాది' అన్న చోట సిరా పాకి ఉన్నాది. ఒకసారి చదివేను. రెండోసారి చదవలేకపోయేను. కోపం తగ్గలేదు అన్నయ్యా. తగ్గిందని రాస్తే అది అబద్ధం అవుతాది, మనిద్దరం ఇప్పటికే చాలా అబద్ధాలు మర్యాదగా రాసుకున్నాం. సొరుగులో ఆ కాగితం పెట్టి, సొరుగు మూసిన నీ చెయ్యి నాకు కనిపిస్తన్నాది. పని చేసుకుంటన్నా కనిపిస్తన్నాది.

కానీ నీ అక్షరాలతో అలాంటి మాట నేనెప్పుడూ చూడలేదు. నాన్న చూడలేదు. అమ్మ చూడలేదు.

వదినకి నమస్కారాలు. దగ్గుకి మందు సరిగా తాగు.

నేను పాలకొండ చేరేక పది రోజులు రాయకు. నన్ను కొంచెం ఉండనీ. ఆ తరవాత రాయి.

మంగ